ఏడువందల అడుగులు

చింపేసిన మార్చి క్యాలెండర్ కాగితం వెనక
కాలవ గీశాను, నీలం సిరాతో.
పక్కనే రైలుపట్టా, నల్ల సిరా,
అడ్డగీతల కాళ్లతో జెర్రిలా.
కొరుక్కుపేట నుంచి రెండూ తోడికోడళ్లు,
పక్కపక్కనే ఉంటాయి, పలకరించుకోవు.
మీంజూరు దాటాక కాలవ అలిగి
సముద్రం వైపు వెళ్లిపోతుంది.

చిక్కంతా అక్కడే.

నడవడం పెద్ద సంగతి కాదు.
స్టేషన్లో దిగి గట్టు చేరడానికి ఎంత,
గట్టు దిగి మళ్లీ ఏదో ఒక స్టేషన్‌కి ఎంత,
ఆ ఉప్పునేల దారిలో షేర్ ఆటో తిరుగుతుందా,
ఆదివారం కూడా తిరుగుతుందా,
తిరుగు లోకల్ ఆలస్యమైతే
ప్లాట్‌ఫారం మీద లైటు వెలుగుతుందా,
ఇవన్నీ తీసేయగా మిగిలిందే మా నడక.

సూళ్లూరుపేట దాకా తొమ్మిది ముక్కలు.
నెలకొకటి, ఎండాకాలం సెలవు.

కాగితం పల్చన. అవతలి వైపు అచ్చు ఇటు కనిపిస్తుంది:
ఆదివారం రాహుకాలం నాలుగున్నర నుంచి ఆరు.
మా తిరుగు బండి సరిగ్గా అందులోనే.
ఎలీషమ్మకి ఆ పట్టింపు లేదు.
నాకుంది, కానీ రైలుకి లేదు.

ఎలీషమ్మ స్టాన్లీ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు నర్సు.
ఎడమ మోకాలికి పట్టీ, చేతిలో రూళ్ల నోటుబుక్కు.
నీళ్లు మనిషికి రెండు లీటర్లు, ఉప్పూ పంచదారా విడిగా పొట్లం,
పెరుగన్నం వద్దు, గట్టు మీదే నిద్రొస్తుంది,
చపాతీలో ఊరమిరపకాయ చుట్టుకో అంటుంది.

ఎందుకీ తిప్పలని మా కాగితాల కొట్టు ఓనరు అడిగాడు.
ఏం చెప్పను?
ఇరవై ఏళ్లుగా రైలు కిటికీలోంచి
ఓసారి కనపడి ఓసారి మాయమయ్యే నీళ్లు
మాయమైనప్పుడు ఎక్కడుంటాయో చూద్దామని.

మూడో ముక్క. అత్తిపట్టు అవతల.
విరిగిన లాకు దగ్గరికి వచ్చేసరికి
మబ్బు బూడిదరంగు, దాని కింద థర్మల్ బూడిద.
ముందు వంతెన కనిపిస్తూనే ఉంది.
వెనక ఆఖరి ఆటో హారన్ కొట్టింది.
వాన మొదటి చినుకుకే ఎక్కేశాం.
ఎక్కేముందు ఎలీషమ్మ సంచీలోంచి గాజుగుడ్డ తీసి
పడవలు కట్టే ఇనపకడియానికి ముడేసింది,
చెయ్యి విరిగినవాడికి కట్టినంత శ్రద్ధగా.

లాకు నుంచి వంతెనకి ఏడువందల అడుగులు.
ఆటోలో దాటాం. కళ్లతో చూశాం కూడా.
నోటుబుక్కులో మాత్రం మూడు అంకె ఎదురుగా ఖాళీ.

"టిక్కు పెట్టెయ్యవే, ఎవరు చూశారు?" అన్నాను.
"రాత్రి రెండింటికి వార్డులో కూడా ఎవరూ చూడరు,
ఇవ్వని డోసుకి టిక్కు పెట్టకూడదు" అంది.

నేను అలిగాను. నాలుగో ముక్కకి లెక్కలు మొదలెట్టాను.
రెండు రాత్రులు మ్యాపు మీద వేలు ఆ లాకు దాటలేదు.
కరువులో గుప్పెడు గింజల కూలికి తవ్విన కాలవ ఇది.
వాళ్లూ ముక్కలుగానే తవ్వి ఉంటారు,
ఏ రోజు గింజలకి ఆ రోజు గొయ్యి.
మధ్యలో ఏడువందల అడుగులు
రేపు చూద్దాంలే అని వదిలేసుంటే
నీళ్లకి ఆటో ఎవరు పిలిచేవాళ్లు?

అందుకని ఏప్రిల్ కాగితం కూడా చింపాను, నెల కాకముందే.
చూళైలో మా మేడ మెట్ల నుంచి సెంట్రల్‌కి ఇరవై నిమిషాలు,
లోకల్లో గంట, ఆటో పావుగంట,
నడక పది నిమిషాలు,
మళ్లీ అదంతా వెనక్కి.
ఇంత చిన్న ప్రయాణానికి ఇంత పొడుగు ప్లాను
నేనెప్పుడూ వెయ్యలేదు.

గాజుగుడ్డ ఉంటుందో, మేక తినేసుంటుందో.
లాకుకీ వంతెనకీ మధ్య నీలం గీత అతకలేదు.
పెన్ను మూత తీశాను. మళ్లీ పెట్టేశాను.

ఐదూ ఇరవై లోకల్.
అలారం నాలుగుంపావుకి.